‘నిద్ర పట్టట్లేదు’ అని మాత్ర అడిగే ముందు రెండు వారాలు చేయాల్సిన పని

మా నాన్న గురక గోడ అవతల అద్దెకున్నవాళ్లకి కూడా వినపడేది. ఇంటికొచ్చిన చుట్టాలు “ఆయనకేం, అదృష్టవంతుడు, దిండుకి తల తగిలితే చాలు” అనేవాళ్లు. ఆ అదృష్టవంతుడు పొద్దున లేచేసరికి తలనొప్పి, నోరు పిడచకట్టుకుపోయి ఉండేది. పదకొండింటికి పేపరు చేతిలో ఉండగానే తూగేవాడు. బీపీకి మూడు రకాల మాత్రలు మింగినా పై అంకె దిగేది కాదు. రాత్రి మూడు నాలుగుసార్లు బాత్రూముకి లేస్తున్నాడని షుగరు చూపించాం, ప్రోస్టేటు స్కానింగు చేయించాం. రెండూ బాగానే ఉన్నాయి. ఆఖరికి ఒక డాక్టరు దగ్గర “రాత్రిళ్లు సరిగా నిద్ర పట్టట్లేదండీ” అని ఒక్క ముక్క చెప్పాడు. ఆయన నిద్రమాత్ర రాశాడు. గురక ఇంకాస్త పెరిగింది.

తర్వాత ఆలోచిస్తే తిరకాసు మేం చెప్పిన ముక్కలోనే ఉందనిపించింది. “నిద్ర పట్టట్లేదు” అనేది “జ్వరం వచ్చింది” లాంటి మాట. దాని కింద ఐదారు వేరువేరు జబ్బులు ఉంటాయి. ఒకదానికి పనిచేసే మందు ఇంకోదానికి చేటు చేస్తుంది. పైగా నిద్రలో ఏం జరుగుతోందో నిద్రపోయే మనిషికి తెలియదు. అందుకే డాక్టరు ముందు కూర్చునే లోపు సాక్ష్యం పోగుచేసుకుని వెళ్లాలి. అదెలాగో చెప్తాను.

ఒక్క మాట ముందే. బండి నడుపుతుంటే కళ్లు మూతలు పడుతున్నా, చనిపోవాలనే ఆలోచనలు వస్తున్నా ఈ రెండు వారాలు ఆగకండి. ఇవాళే వెళ్లండి.

ముందు క్యాలెండరు

గోడకి పెద్ద గళ్ల తెలుగు క్యాలెండరు ఉంటుంది కదా, పాల లెక్క, గ్యాస్ బండ వచ్చిన తేదీ రాసుకునేది. దాని గళ్లు చాలకపోతే పిల్లల పాత నోటుబుక్కు తీసుకోండి. యాప్ కూడా పనికొస్తుందిగానీ, నా అనుభవంలో యాప్ నాలుగో రోజుకి మూలన పడుతుంది.

పొద్దున లేచాక, మొదటి కాఫీతో పాటు, నిన్నటి రాత్రి గురించి ఒక లైను రాయండి. ఉదాహరణకి:

“మంగళ – 10కి పక్క ఎక్కాను. 12 దాటాక పట్టి ఉంటుంది. 3 ప్రాంతంలో ఒకసారి మెలకువ, చాలాసేపు. 5:30కి లేచాను. మధ్యాహ్నం కునుకు 40 నిమిషాలు. ఆఖరి టీ సాయంత్రం 6.”

అంతే. మందు తాగినా, ఏ మాత్ర వేసుకున్నా అదీ రాయండి. జలుబు మాత్ర కూడా. ఎందుకో కిందికెళ్తే తెలుస్తుంది. రాత్రి లేచి గడియారం చూసి టైము రాసే పని మాత్రం పెట్టుకోవద్దు. అర్ధరాత్రి ఫోనెత్తి “అమ్మో, రెండైంది, ఇంక నాలుగు గంటలే ఉంది” అని లెక్క కట్టడం మొదలుపెడితే ఆ నాలుగు గంటలూ పోతాయి. అందాజు చాలు.

రెండు వారాలయ్యాక ఒక లెక్క వేయండి. పక్క మీద ఉన్న గంటలెన్ని, అందులో నిద్రపోయినవెన్ని? ఎనిమిది గంటలు పడుకుని ఏడు గంటలు నిద్రపోతే పర్వాలేదు, 85 శాతం దాటింది. తొమ్మిదిన్నర గంటలు దొర్లి ఐదున్నరే నిద్రపోతుంటే అసలు సమస్య నిద్రలేమి వైపు ఉండొచ్చు. ఏడెనిమిది గంటలు శుభ్రంగా నిద్రపోయానని రాసుకుని కూడా పగలంతా తూగుతుంటే నిద్ర లోపల ఏదో జరుగుతోంది. ఈ రెండు దారులూ మొదట్లోనే విడిపోతాయి.

పక్కన పడుకునేవాళ్లే సాక్షులు

ఇది అన్నిటికంటే ముఖ్యం, మనం అన్నిటికంటే తక్కువగా చేసేదీ ఇదే. భార్యనో భర్తనో, పక్క మంచం మీద పడుకునే అమ్మనో అడగండి: గురక పెడుతున్నానా? ఊపిరి ఆగినట్టు అనిపించిందా? కాళ్లు తన్నుతున్నానా? పలవరిస్తున్నానా? అరుస్తున్నానా? హాస్టల్లో, పీజీలో ఉన్నవాళ్లకి రూమ్మేట్లు మొహమాటం లేకుండా చెప్తారు. గల్ఫ్‌లో ఒకే గదిలో ఆరుగురు పడుకునే మన కరీంనగర్, నిజామాబాద్ వాళ్లకైతే సాక్షులకి కొదవే లేదు. ఒంటరిగా ఉంటే ఫోన్లో వాయిస్ రికార్డరు పెట్టుకుని పడుకోండి.

మాట కంటే వీడియో మేలు. జీరో బల్బు వేసి ఉంచి, మనిషి వెల్లకిలా పడుకుని ఉండగా, రాత్రి రెండో సగంలో, మూడు నాలుగింటి మధ్య ఓ ఇరవై నిమిషాలు తీయండి. ముఖం, ఛాతీ, పొట్ట కనపడాలి. ముందు వాళ్లకి చెప్పి తీయండి, ఫ్యామిలీ గ్రూపులో పెట్టి నవ్వుకోవడానికి కాదు.

చూసేటప్పుడు గురక ఎంత గట్టిగా ఉందన్నది వదిలేసి నిశ్శబ్దం కోసం చెవి పెట్టండి. మా నాన్న వీడియోలో గురక, గురక, గురక, ఉన్నట్టుండి ఏమీ లేదు. పొట్ట మాత్రం పైకీ కిందకీ కొట్టుకుంటోంది, గాలి లోపలికి పోవట్లేదు. నేను ఒకటి, రెండు అని లెక్కపెట్టాను. ఇరవై రెండు దగ్గర నీళ్లలో మునిగి పైకి తేలిన మనిషిలా ‘హా’ అని గాలి పీల్చి, ఒళ్లు కదిలించి, మళ్లీ గురక. ఆయనకి మెలకువే రాలేదు. పది సెకన్లు దాటి ఊపిరి ఆగితే దాన్ని లెక్కలోకి తీసుకుంటారు. ఆ ఇరవై నిమిషాల్లో పదకొండుసార్లు ఆగింది.

ఇక జాముల వారీగా విడదీయండి

రాత్రిని మనవాళ్లు నాలుగు జాములు చేశారు. ఎవరెందుకు చేసినా, నిద్ర జబ్బులకి ఈ విభజన బాగా కుదురుతుంది. నిద్ర దాదాపు తొంభై నిమిషాలకొక చుట్టు తిరుగుతుంది. మొద్దునిద్ర ఎక్కువగా మొదటి చుట్లలో ఉంటుంది. కలల నిద్ర తెల్లవారే కొద్దీ పెరుగుతుంది. కాబట్టి ఇబ్బంది ఏ టైములో వస్తోందో చూస్తే సగం విషయం తెలిసిపోతుంది.

*పక్క ఎక్కాక నిద్రే రాకపోతే.* మూడు అనుమానాలు పెట్టుకోండి.

ఒకటి, అసలైన నిద్రలేమి. వారానికి కనీసం మూడు రాత్రులు, మూడు నెలలకి పైగా సాగితే దాన్ని దీర్ఘకాలికం అంటారు. దీనికో గుర్తుంది. హాల్లో టీవీ ముందు సోఫాలో కళ్లు వాలిపోతుంటాయి. “పద, పడుకుందాం” అని లేచి మంచమెక్కగానే దీపం వెలిగించినట్టు మెలకువ వచ్చేస్తుంది. ఒంటికి మంచమంటే మెలకువని అలవాటైపోయింది. దీనికి మాత్రల కంటే ముందు వాడాల్సింది మనసుకీ అలవాట్లకీ సంబంధించిన ఒక చికిత్స, సీబీటీ-ఐ అంటారు. అందులోని మొదటి పాఠం ఇంట్లోనే మొదలుపెట్టొచ్చు: నిద్ర వస్తుంటేనే పక్క ఎక్కండి. ఇరవై నిమిషాలైందనిపించినా పట్టకపోతే లేచి వేరే గదిలో మసక వెలుతురులో ఏదైనా విసుగు పుట్టించే పని చేయండి, బట్టలు మడత పెట్టడమైనా సరే. మళ్లీ కళ్లు మూతలు పడితేనే మంచం మీదికి రండి. ఎన్నింటికి నిద్రపోయినా పొద్దున లేచే టైము మార్చొద్దు. మొదటి వారం నరకంలా ఉంటుందని చెప్పే తీరాలి. మూర్ఛ, బైపోలార్ (మనసు అతి ఉత్సాహానికీ దిగులుకీ ఊగే జబ్బు) లాంటివి ఉన్నవాళ్లు నిద్ర గంటలు తగ్గించే పనులు సొంతంగా చేయకూడదు.

రెండు, కాళ్లు. “కాళ్లు పీకుతున్నాయి, లాగుతున్నాయి, లోపల ఏదో పాకినట్టుంది” అంటారు. మనవడిని పిలిచి పిక్కలు తొక్కించుకునే తాతలు, తువ్వాలు బిగించి కట్టుకుని పడుకునే అమ్మమ్మలు ప్రతి ఊళ్లో ఉంటారు. అందరిదీ వయసు నొప్పి కాదు. నాలుగు విషయాలు అడగండి: కాళ్లు కదపాలనే ఆరాటం ఉందా, పడుకున్నా కూర్చున్నా ఎక్కువవుతుందా, లేచి నాలుగడుగులు వేస్తే తగ్గుతుందా, సాయంత్రం నుంచి పెరుగుతుందా. నాలుగిటికీ అవునంటే రెస్ట్‌లెస్ లెగ్స్ అనే జబ్బు కావచ్చు. పిక్క రాయిలా పట్టేయడం వేరు, షుగరువాళ్ల అరికాళ్ల మంటలు వేరు. వీటిని కలిపి చెప్పకండి. గర్భిణులకీ, కిడ్నీ జబ్బున్నవాళ్లకీ, ఒంట్లో ఐరన్ తక్కువున్నవాళ్లకీ ఇది ఎక్కువ. హిమోగ్లోబిన్ బాగానే ఉన్నా ఐరన్ నిల్వ తక్కువుండొచ్చు. అందుకే ఫెరిటిన్ పరీక్ష విడిగా చేయించమని అడగండి. వాంతులకిచ్చే మెటోక్లోప్రమైడ్, మత్తునిచ్చే జలుబు మాత్రలు దీన్ని పెంచుతాయి. నిద్ర కోసమని జలుబు మాత్ర వేసుకునేవాళ్లకి రాత్రంతా కాళ్ల బాధ ఎందుకో ఇప్పుడు అర్థమైందా? క్యాలెండరులో రాయమన్నది అందుకే.

మూడోది కుర్రవాళ్లది. తెల్లవారుజామున మూడింటికి గాని పట్టదు, కానీ సెలవు రోజున పదకొండింటి దాకా హాయిగా, ఒక్కసారీ లేవకుండా నిద్రపోతారు. వీళ్ల నిద్రలో లోపం లేదు, లోపలి గడియారం ఆలస్యంగా నడుస్తోంది. తిట్టినా మారదు, నిద్రమాత్రలతోనూ సరికాదు. పొద్దున్నే ఎండలోకి పంపడం, కొద్దికొద్దిగా ఇంకా పెందలాడే లేపడం, రాత్రి ఫోను వెలుగు తగ్గించడం పనిచేస్తాయి.

*తొలి మూడు గంటల్లో* పిల్లలు లేచి కూర్చుని కేకలు పెట్టినా, నిద్రలో నడిచినా అది మొద్దునిద్రలోంచి సగం మాత్రమే మెలకువ రావడం వల్ల. పొద్దున వాళ్లకి గుర్తుండదు. కుదిపి లేపకండి, భుజం పట్టుకుని మెల్లగా పక్క మీదికి చేర్చండి. తలుపు గడియ పై ఎత్తున పెట్టించండి. ఎండాకాలం డాబా మీద పక్కలు వేసే ఇళ్లలో, నడిచే అలవాటున్న పిల్లని కిందే పడుకోబెట్టండి. చాలామందికి పెరిగే కొద్దీ పోతుంది.

*రాత్రంతా, ముఖ్యంగా రెండో సగంలో* గురకా, ఆగే ఊపిరీ అయితే దాని పేరు స్లీప్ ఆప్నియా. నిద్రలో గొంతు కండరాలు వదులై దారి మూసుకుపోతుంది. ఆక్సిజన్ పడిపోతుంది, మెదడు ఉలిక్కిపడి లేపుతుంది, మళ్లీ అదే. రాత్రుళ్లు మూత్రం ఎక్కువ రావడం, మొండి బీపీ, పొద్దుటి తలనొప్పి అన్నీ దీని పిల్లలే. ఇంట్లోనే వేసుకోగల లెక్క ఒకటుంది, స్టాప్‌-బ్యాంగ్ అంటారు. గట్టి గురక, పగటి అలసట, ఊపిరి ఆగడం ఎవరైనా చూడటం, బీపీ, బీఎంఐ (ఎత్తుకి తగ్గ బరువుందో లేదో చెప్పే అంకె) 35 దాటడం, వయసు 50 దాటడం, మెడ చుట్టుకొలత 40 సెంటీమీటర్లు దాటడం, మగవాళ్లు కావడం: ఎనిమిదిటిలో ఎన్నిటికి అవునంటారో లెక్కపెట్టండి. మెడని టైలరు టేపుతో గొంతు ముడి దగ్గర కొలవండి. మూడు వస్తే అనుమానించాలి, ఐదు గానీ అంతకు మించి గానీ వస్తే పరీక్ష తప్పదు. మనవాళ్లకి అంత బరువు లేకుండానే ఇది వస్తుంది కాబట్టి “నేను సన్నగానే ఉన్నాగా” అని తోసేయకండి.

ఆడవాళ్ల గురించి విడిగా చెప్పాలి. ముట్లు ఆగాక వాళ్లకీ ఇది పెరుగుతుంది. కానీ వాళ్లు గురక గురించి చెప్పుకోరు, ఇంట్లోవాళ్లూ చెప్పరు. “నీరసం, తలనొప్పి, రాత్రి మెలకువలు” అంటారు. రక్తం తక్కువని టానిక్కు రాయించుకుని ఇంటికొస్తారు. థైరాయిడ్ తక్కువున్నా గురక పెరుగుతుంది, అదీ చూపించండి. పిల్లలు గురక పెడుతూ నోరు తెరుచుకుని పడుకుంటుంటే టాన్సిల్స్, అడినాయిడ్స్ (ముక్కు వెనక ఉండే కండ) చూపించాలి. పెద్దవాళ్లలా తూగరు వాళ్లు. పగలు కుదురు లేకుండా గెంతుతారు, పక్క తడుపుతారు. అల్లరని దెబ్బలు తింటారు.

*తెల్లవారుజామున* వచ్చేవి మూడు. అరవై దాటిన పెద్దాయన కలలో ఎవరితోనో కొట్లాడుతూ నిజంగానే చేతులు విసిరి, పక్కనున్న ఆవిడని గుద్ది, లేపగానే కల మొత్తం చెప్తాడు. మామూలుగా కలల నిద్రలో ఒళ్లు కదలకుండా మెదడు కట్టేసి ఉంచుతుంది, ఆ కట్టు ఊడిపోవడమే ఈ జబ్బు. 1986లో అమెరికాలోని మిన్నెసోటా డాక్టర్లు దీన్ని ఒక జబ్బుగా వివరించారు. కొందరిలో ఇది చేతులు వణికి, నడక నెమ్మదించే జబ్బు పార్కిన్సన్స్‌కి ఏళ్ల ముందే కనిపించే గుర్తు కాబట్టి న్యూరాలజిస్టుకి చూపించాల్సిందే. ఈలోగా మంచం పక్కన గాజు గ్లాసులు, స్టూళ్లు తీసేయండి.

రెండోది దీనికి తిరగేసినది. మెలకువ వచ్చింది, కట్టు ఊడలేదు. కళ్లు తెరిచి ఉన్నా వేలు కదలదు, నోరు పెగలదు, గుండెల మీద ఎవరో కూర్చున్నట్టుంటుంది. మా ఊళ్లో దెయ్యం ఎక్కిందంటారు, తాయెత్తు కడతారు. కొన్ని సెకన్లు, మహా అయితే ఒకట్రెండు నిమిషాలు, దానంతటదే పోతుంది, ప్రాణానికి ఏమీ కాదు. నిద్ర చాలనప్పుడూ, వెల్లకిలా పడుకున్నప్పుడూ ఎక్కువ వస్తుంది. కాలి వేలినో నాలుకనో కదపడానికి ప్రయత్నిస్తే కట్టు తొందరగా తెగుతుందని చాలామంది అనుభవం.

మూడోది, మూడింటికల్లా మెలకువ వచ్చి ఇంక పట్టకపోవడం, పొద్దునపూట మనసంతా బరువుగా ఉండడం, దేని మీదా ఆసక్తి లేకపోవడం. ఇది చాలాసార్లు నిద్ర జబ్బు కాదు, డిప్రెషన్. మానసిక సమస్యలకి ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నెంబరు 14416కి ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు.

*పగటి లెక్క* ఒకటి మిగిలింది. ఎప్‌వర్త్ స్కేలని పగటి తూగుని కొలిచే లెక్కను 1991లో ముర్రే జాన్స్ అనే ఆస్ట్రేలియా డాక్టరు తయారుచేశాడు. చదువుతూ, టీవీ చూస్తూ, మీటింగులో, గంటసేపు బస్సులోనో కారులోనో కూర్చుని, మధ్యాహ్నం నడుం వాల్చి, ఎవరితోనైనా మాట్లాడుతూ, భోంచేశాక ఊరికే కూర్చుని, ట్రాఫిక్‌లో కారు ఆగినప్పుడు కునుకు పడే అవకాశం ఎంత? ఒక్కోదానికి 0 నుంచి 3 దాకా వేసుకోండి. మొత్తం 10 దాటితే మామూలు అలసట కాదు. గట్టిగా నవ్వినప్పుడు మోకాళ్లు వదిలేసి కూలబడిపోయే కుర్రాడుంటే నార్కోలెప్సీ అనే, పగలు ఆపుకోలేని నిద్ర ముంచుకొచ్చే అరుదైన జబ్బు పేరు డాక్టరు దగ్గర ఎత్తండి. అలాంటివాళ్లకి ఏళ్ల తరబడి బద్ధకస్తుడనే పేరు పడుతుంది.

విశాఖ స్టీల్‌ప్లాంట్‌లో, సింగరేణిలో షిఫ్టులు మారేవాళ్లూ, హైటెక్ సిటీలో అమెరికా టైముకి పనిచేసేవాళ్లూ క్యాలెండరులో షిఫ్టు కూడా రాయాలి. లేకపోతే మీ లెక్క ఎవరికీ అర్థం కాదు.

ఈలోగా చేయకూడనివి

మందుల షాపులో ఆల్ప్రజోలం అనే నిద్రపుచ్చే మాత్ర అడిగి తెచ్చుకోకండి. అది షెడ్యూల్ హెచ్‌1 మందు, చీటీ లేకుండా అమ్మకూడదు. ఆప్నియా ఉన్నవాళ్లకి ఇలాంటి మాత్రలు గొంతుని ఇంకా వదులు చేస్తాయి. రాత్రి పెగ్గూ అదే పని చేస్తుంది: పట్టడం తొందరగా పడుతుంది, రెండో సగం చెడుతుంది. అలాగని ఇప్పటికే నెలల తరబడి ఆల్ప్రజోలం వాడుతున్నవాళ్లు ఒక్కసారిగా ఆపేయకూడదు, ఫిట్స్ రావచ్చు. తెలంగాణలో దీనికి ఇంకో కోణం ఉంది. కల్తీ కల్లులో కలిపేది ఈ జాతి మందులే, క్లోరల్ హైడ్రేట్ కూడా. రోజూ కల్లు తాగే మనిషి ఏ ఆసుపత్రి పనిమీదో పట్నం వచ్చి రెండ్రోజులు తాగకపోతే వణుకు, నిద్ర లేకపోవడం, పిచ్చిచూపులు, ఫిట్స్. దాన్ని నిద్రలేమి అనుకుని ఇంట్లో కూర్చోబెట్టకండి. హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి ఇలాంటివాళ్లు వస్తూనే ఉంటారు. డాక్టరుకి కల్లు సంగతి దాచొద్దు.

ఎవరి దగ్గరికి, ఏం పట్టుకెళ్లాలి

గురక, ఊపిరి అయితే ఊపిరితిత్తుల డాక్టరు లేదా ఈఎన్‌టీ. కాళ్లు, కొట్లాడే కలలు, నార్కోలెప్సీ అనుమానం అయితే న్యూరాలజిస్టు. నిద్రలేమి, దిగులు అయితే సైకియాట్రిస్టు. క్యాలెండరు, వీడియో, వేసుకునే మందులన్నీ ఒక కవర్లో పట్టుకెళ్లండి. పక్కన పడుకునే మనిషిని కూడా లోపలికి తీసుకెళ్లండి. “నిద్ర పట్టట్లేదు” అనకుండా “గురక మధ్యలో ఊపిరి ఆగుతోంది, పగలు తూగుతున్నాను” అని మొదలుపెట్టండి.

ఆప్నియా అనుమానిస్తే స్లీప్ స్టడీ, అంటే రాత్రి నిద్రపోతుండగా చేసే పరీక్ష రాస్తారు. ల్యాబులో అయితే తల మీద, గడ్డం కింద, కాళ్ల మీద వైర్లు అంటిస్తారు. ఛాతీకీ పొట్టకీ బెల్టులు, ముక్కు దగ్గర సన్నటి గొట్టం, వేలికి క్లిప్పు, గోడకి కెమెరా. తలకి నూనె రాసుకుని వెళ్లకండి, వైర్లు అంటుకోవు. కొన్ని వైర్లతో ఇంట్లోనే చేసేదీ ఉంది. రిపోర్టులో ఏహెచ్ఐ అనే అంకె చూడండి: గంటకి ఎన్నిసార్లు ఊపిరి ఆగిందో, తగ్గిందో చెప్పేది. పెద్దవాళ్లలో 5 లోపు మామూలు, 15 దాకా స్వల్పం, 30 దాకా మధ్యస్థం, ఆపైన తీవ్రం. మా నాన్నది 41.

స్వల్పమైతే బరువు తగ్గడం, పక్కకి తిరిగి పడుకోవడం చాలావరకు పనిచేస్తాయి. బనీను వెనక జేబు కుట్టి టెన్నిస్ బంతి పెడితే వెల్లకిలా తిరగలేరు. ఎక్కువైతే సీప్యాప్ మిషను. ముక్కుకి మాస్కు పెట్టి, సన్నగా గాలి ఒత్తిడితో గొంతు దారి మూసుకుపోకుండా చూస్తుంది. 1981లో సిడ్నీలో కాలిన్ సల్లివన్ బృందం దీన్ని మొదట వాడి చూపించింది. మొదటి వారం మాస్కుతో పడుకోవడం కష్టం. పగలు టీవీ చూస్తూ అరగంట పెట్టుకుని అలవాటు చేసుకోండి. మాస్కుని రోజూ సబ్బునీళ్లతో కడగండి, మిషనుకుండే తేమ డబ్బాలో డిస్టిల్డ్ వాటరే పోయండి. కొనే ముందు రెండు మూడు రకాల మాస్కులు పెట్టి చూపించమని షాపువాళ్లని అడగండి. మా నాన్న మీసం తీయనంటే తీయనన్నాడు. మొదటి నెలంతా మీసం పక్కనుంచి గాలి ఈలలేసుకుంటూ కారింది. ముక్కురంధ్రాల కిందే ఆనే చిన్న మాస్కు కూడా ఉంటుందని మాకు రెండో నెలలో గాని ఎవరూ చెప్పలేదు.